వీధంతా ఒకే మాట

పుష్యమాసం. చోడవరం శివారు వీధిలో మంచూ, బెల్లం పొయ్యిల పొగా కలిసిపోయి ఏది ఏదో తెలియడం లేదు.

ఆ తెల్లదనంలోంచి ఒకాయన నడిచి వచ్చాడు. పంచె, భుజాన కండువా, చేతిలో గొడుగు.

"పరదేశిగారిల్లు ఎక్కడండీ? రాజ్యం అనే అమ్మాయి ఉండాలి."

పళ్ళు తోముకుంటున్న బంగార్రాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఊరుకాని మనిషి పెళ్ళికాని పిల్ల పేరు చెప్పి అడుగుతున్నాడు. ఇంకేముంది, వాకబు చెయ్యడానికి వచ్చిన మగపెళ్ళివారే.

పదిహేడేళ్ళ రాజ్యానికి దసరా నుంచీ నిద్ర లేదు. పెరటి గుమ్మంలో కూర్చుని, పొగ మంచులో కలిసే చోటునే చూస్తుంటుంది. ఎవరో పిలుస్తున్నారంటూ లేచి చెరుకు తోటల్లోకి వెళ్ళిపోతుంది. రెండుసార్లు నూతి గట్టు మీద పట్టుకున్నారు.

వాల్తేరు ఆసుపత్రికి తీసుకెళితే నయమవుతుందని వీధిలో అందరికీ తెలుసు. కానీ పిచ్చాసుపత్రి గుమ్మం తొక్కిన పిల్లని ఎవడు చేసుకుంటాడు? అందుకని ఎవరూ ఏమీ ఎరగనట్టే ఉన్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఆ వీధివాళ్ళు పాపం మంచివాళ్ళు. వెయ్యికీ సిద్ధంగానే ఉన్నారు.

"అలాటి మంచి గుంట ఈ సుట్టుపక్కల ఇంకోర్తి లేదు బాబూ," అన్నాడు బంగార్రాజు.

కళ్ళాపి చల్లుతున్న నరసమ్మ, పిల్ల ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుందని చెప్పింది. వంట బాగా చేస్తుందనీ, పని చేసుకుంటూ పాటలు పాడుతుందనీ కూడా కలిపింది.

ఒక్కో మాటకీ ఆయన ముఖం విచ్చుకుంటోంది.

రాజ్యం తండ్రి పరదేశి బెల్లం పెనం దగ్గర పాకం కలుపుతున్నాడు. వచ్చినాయన అతని పక్కనే గొంతుక్కూర్చుని మెల్లిగా అడిగాడు.

"అమ్మాయి నిద్రపోతోందా?"

తెడ్డు ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఆ మాట ఇంత నెమ్మదిగా ఎవరూ అడగలేదు. పోవడం లేదు బాబూ, కళ్ళు మూస్తే దానికి భయం, దాన్ని చూస్తే నాకు భయం అని చెప్పెయ్యాలనిపించింది పరదేశికి. మాట గొంతుదాకా వచ్చింది. ఇంతలో కంచె అవతల నిలబడి బంగార్రాజు వద్దన్నట్టు తలూపాడు.

"నిద్దరకేటి బాబూ. లేపితే గానీ లెగదు."

ఒకసారి చూడొచ్చా అన్నాడాయన. దేవరాపల్లి మేనమామ గారింటికి వెళ్ళిందన్నాడు పరదేశి. గోడ అవతల, పెరటి గుమ్మంలో రాజ్యం కూర్చునే ఉంది.

"పోనీలెండి, ఇంక చూడక్కర్లేదు. ఇంతకన్నా ఏం కావాలి?" అంటూ ఆయన తృప్తిగా లేచాడు. మధ్యాహ్నం రైలుకి మద్రాసు వెళ్ళిపోతున్నానన్నాడు. మళ్ళీ ఈ వైపు రావడం ఉండదట. పిల్లని చల్లగా ఉండమని చెప్పమని, వచ్చినట్టే మంచులోకి వెళ్ళిపోయాడు.

పెళ్ళికొడుకుది మద్రాసులో ఉద్యోగమని వీధంతా క్షణంలో తేల్చేసింది. పరదేశి అందరికీ కొత్త బెల్లం ముక్కలు పంచాడు. చాలా రోజుల తరవాత అతనికి ఆకలేసింది.

పొద్దువాలాక అతని అక్క అచ్చియ్యమ్మ చెరుకు కొట్టి ఇంటికొచ్చింది. అందరూ తలోమాటా చెప్పారు. ఆమె చివరిదాకా విని, కొడవలి కింద పెట్టింది.

"గొడుగు అట్టుకొచ్చేడా? నెమ్మదిగా మాటాడేడా?"

అవునన్నాడు పరదేశి.

అచ్చియ్యమ్మ చల్లారిన పొయ్యి పక్కన కూలబడింది. పెరటి గుమ్మంలోంచి రాజ్యం ఇంకా మంచుకేసే చూస్తోంది.

"మొన్న సింహాచలం అని సెప్పి వాల్తేరు ఆసుపత్రికే ఎల్లేనురా," అంది. "నలుగురికీ తెలిస్తే పిల్ల బతుకు పాడైపోద్ది, డాకటేరులాగ కాదు, సుట్టంలాగ రండి బాబూ అని ఆయన కాళ్ళు నానే అట్టుకున్నాను."