మోతీ దాహం

గొర్రెల వ్యాపారి గఫూర్ లాభనష్టాలు చూడనిదే అడుగు వేయడు. ఆ పొద్దున పొట్టేళ్లను తోలుకుని ముదిగుబ్బ వైపు నడక మొదలుపెట్టినప్పుడు అతని కుక్క మోతీ అందరికన్నా ముందు పరిగెత్తింది. మిట్టమధ్యాహ్నానికి కుంటసాగింది. క్యాన్‌లో నీళ్లు అడుగంటాయి. పొట్టేళ్లు సంతకు చేరాలి, కుక్క చేరకపోయినా నష్టం లేదు. వెంట రాకుండా దాన్ని తుమ్మచెట్టుకు కట్టేసి, మిగిలిన నీళ్లు పొట్టేళ్లకు పోశాడు. అతను గుట్ట దాటేదాకా అది అరిచింది. తర్వాత అరుపు ఆగిపోయింది.

చీకటి పడ్డాక గఫూర్ పొట్టేళ్లతో గొర్రెలకాపరి తిప్పయ్య దొడ్డి దగ్గర ఆగాడు. తిప్పయ్య అతని చేతికి నీళ్ల చెంబిచ్చి, ఇంకో గిన్నె నింపి అతని వెనక పెట్టాడు.

"అది ఎవరికప్పా?"

"నీ కుక్కకే అన్నా. మెడకు తాడు అంత బిగిచ్చి కట్టినావేమి? దావలో నీళ్లన్నా పెట్టినావా?"

"పెట్టినా" అన్నాడు గఫూర్. వెనక్కి తిరగలేదు.

వెనక నీళ్లు నాకే చప్పుడు మొదలైంది. పొట్టేళ్లన్నీ దొడ్డి మూలకు ఒదిగాయి.

"గిన్నె ఖాళీ చేసేసింది. ఇంగా నీ చెంబు దిక్కే సూస్తాంది."

గఫూర్ తాగలేదు. తల తిప్పకుండానే చెంబును వీపు వెనక్కి పట్టుకుని వంచాడు.

నీళ్లు నేల మీద పడిన చప్పుడు రాలేదు.