అరవై డాలర్ల ఫిర్యాదు

అద్దె ఇళ్ళ కంపెనీ ఆఫీసులో లవోన్ దరఖాస్తు చదువుతున్న టిబ్స్ గారు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

'మిమ్మల్ని ఎప్పుడైనా కోర్టు ద్వారా ఇల్లు ఖాళీ చేయించారా?' దానికెదురుగా లవోన్ 'అవును' అని రాసింది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు తలెత్తకుండా.

"ఆరేళ్ళు సార్. షుగరెక్కువై అమ్మకి కాలు తీసేశారు. అప్పుడు రెండు నెలల అద్దె ఆగింది. తరవాత సెంటుతో సహా కట్టేశాను."

"అమ్మ మెట్లెక్కగలదా?"

"లేదు సార్."

ఆయన ఆమె డెబిట్ కార్డు పుచ్చుకుని అప్లికేషన్ ఫీజు అరవై డాలర్లు గీకి, రసీదు చేతిలో పెట్టాడు.

"కింది అంతస్తు ఇల్లు మే నెలాఖరుకి ఖాళీ అవుతుంది. అప్పటిదాకా ఫోన్ చెయ్యకు. ఎప్పుడైనా చేసినా, వేరేవాళ్ళు ఎత్తితే నీ పేరు చెప్పకు."

"మరి నా పాత చరిత్ర తనిఖీ..."

"చెప్పాను కదమ్మా. వెళ్ళిరా."

అప్పటికి మార్చి నెల. అమెరికాలోని డేటన్‌లో ఇల్లు అద్దెకిచ్చే ప్రతివాడూ ముందు ఫీజు పుచ్చుకుంటాడు. ఆ డబ్బుతో వచ్చినవాళ్ళ పాత చరిత్రంతా తవ్వి తీయిస్తాడు. లవోన్ ఆ ఏడాది నాలుగు చోట్ల ఫీజు కట్టింది. నాలుగు చోట్లా ఆ ఆరేళ్ళనాటి కోర్టు కాగితమే అడ్డుపడింది.

తల్లీకూతుళ్ళు వారం వారం డబ్బు కట్టే మోటెల్ గదిలో కాలం వెళ్ళదీస్తున్నారు. గది రెండో అంతస్తులో ఉంది. ఒంటికాలి తల్లి ఎర్నస్టీన్ కిందికి దిగి ఐదు నెలలైంది.

కింది అంతస్తులో ఇల్లు దొరికితే అమ్మ నాలుగడుగులు బయటికొస్తుంది. లవోన్ ఆశంతా అదే.

మూడు వారాలు గడిచాయి. టిబ్స్ గారి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఆమెతో పాటు పనిచేసే జెర్లీన్ ఈ సంగతి విని పకపకా నవ్వింది.

"పేరు చెప్పొద్దన్నాడా? ఇంకేం, ఫీజు మింగేశాడే పిల్లా! లైబ్రరీకి పద. తనిఖీకి తెరిచే నీ పాత చరిత్ర రిపోర్టు ఎవరెవరు తెరిచారో కంప్యూటర్లో చూద్దాం."

చూశారు. పాత నాలుగు చోట్ల పేర్లూ ఉన్నాయి. టిబ్స్ గారి కంపెనీ పేరు లేదు.

"తనిఖీయే చేయించలేదక్కా!"

"ముసలినక్క! కార్డిచ్చిన బ్యాంకుకెళ్ళి, డబ్బు వెనక్కి ఇప్పించమని ఫిర్యాదు పెట్టు. ఊరుకుంటే రేపు ఇంకొకళ్ళని ముంచుతాడు."

ఆ సాయంత్రం ఎర్నస్టీన్ మాత్రం గొణిగింది.

"ఇంకొన్నాళ్ళు చూడకూడదుటే? నేను మెట్లెక్కగలనా అని అడిగినవాడు దొంగెలా అవుతాడు?"

"అడిగితే ఆయన సొమ్మేం పోయిందమ్మా? మాటలకి ఫీజు లేదుగా."

బ్యాంకులో కౌంటర్ దగ్గరి అమ్మాయి ఫారం ఇచ్చింది.

"తనిఖీ చేయించామని వాళ్ళు రుజువు చూపించాలండి. చూపించలేకపోతే మీ డబ్బు మీకొచ్చేస్తుంది."

'డబ్బు పుచ్చుకున్నారు. తనిఖీ చేయించలేదు' అని లవోన్ రాసింది. రిపోర్టు జత చేసింది. రాసిన ప్రతి ముక్కా నిజమే.

మే నెల చివరి వారంలో అరవై డాలర్లూ ఖాతాలో పడ్డాయి.

జెర్లీన్ ఆమెను వాటేసుకుంది. "చూశావా? దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు!"

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ముఖం మీదే నాలుగు మాటలు అంటే తప్ప లవోన్ కడుపుమంట చల్లారేలా లేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ వెళ్ళింది.

టిబ్స్ గారి కుర్చీలో ఎవరో కొత్తావిడ కూర్చుని ఉంది.

"ఆయన లేరమ్మా. పోయిన శుక్రవారం తీసేశారు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగం, పాపం."

"పాపమేంటండీ! జనం ఫీజులు తింటే నెత్తిన పెట్టుకుంటారా?"

"తినడమా?" ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. "డబ్బంతా ఏ రోజుది ఆ రోజు కంపెనీకే జమైంది. ఒక్క సెంటు కూడా ముట్టుకోలేదాయన. ఇంతకీ మీ పేరు?"

లవోన్ చెప్పింది. ఆవిడ ముఖం మారిపోయింది.

"మీరేనా! మీ బ్యాంకువాళ్ళు రుజువు అడిగాకే పైవాళ్ళు ఈయన ఫైళ్ళు తిరగేశారు. చేయించని తనిఖీ చేయించినట్టు రాశాడని తేలింది."

సొరుగులోంచి ఒక ఫైలు తీసి లవోన్ వైపు తిప్పింది. అందులో టిబ్స్ గారి చేతిరాత ఉంది.

'తనిఖీ పూర్తయింది. ఏ దోషమూ లేదు. కింది అంతస్తు. జూన్ ఒకటి నుంచి.'

ఆ కింద టైపు చేసిన అద్దె ఒప్పందం ఉంది. లవోన్ పేరూ ఎర్నస్టీన్ పేరూ ఉన్నాయి. లవోన్ సంతకం ఒక్కటే తక్కువ.

"అయితే... ఇల్లు మాదేనా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మొన్న పైవాళ్ళే మీ తనిఖీ చేయించారు. కోర్టు కాగితం బయటపడింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

లవోన్ ఒప్పందంలో తల్లి పేరు మీద వేలు ఆన్చింది. ఆమెకి ఏమని చెప్పాలి?

"ఆ తనిఖీ ఏదో ఆయనే మొదట్లో చేయించి ఉండొచ్చుగా? ఎందుకు చేయించలేదు?"

ఆవిడ ఫైలు మూసింది.

"చేయిస్తే మీకు ఇల్లు ఇవ్వగలిగేవాడా?"

లవోన్ అరవై డాలర్లకి పట్టిచ్చిన ఆ మనిషి, ముక్కూ మొహం తెలియని తల్లీకూతుళ్ళ కోసం తన పందొమ్మిదేళ్ళ ఉద్యోగాన్నే పణంగా పెట్టినవాడు.