ఓవర్ అనని ఆవిడ

“ఏమన్నా తిన్నారా బాబూ?”

పొదలో నక్కి కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. అడిగింది ఆయన చేతిలోని వాకీటాకీ.

గబగబా దాని గొంతు తగ్గించి అటూ ఇటూ చూశాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఆడగొంతుతో ఇదే వరస.

లోయలో తేనెపెట్టెలు మాయమవుతున్నాయి. పూల కాలంలో పొలం గట్ల మీద పెట్టినవాటిని ఈగలతో సహా ఎవరో వ్యానులో ఎత్తుకుపోతున్నారు. ఒక పెద్దాయనకి ఇక ఒక్క వరస పెట్టెలే మిగిలాయి. అవీ పోతే ఈ వయసులో వేరే పని వెతుక్కోవాలని చెప్పి ఆయన నవ్వాడు. ఏడ్చి ఉంటే ఇన్‌స్పెక్టరుకి అంత బాధ కలిగేది కాదు.

దొంగలు ఎటునుంచి వచ్చి ఎటు పోతారో తెలీదు. మధ్యలో పెద్ద కొండ. అందుకని దర్యాప్తు రెండు జట్లయింది. తూర్పున ఇన్‌స్పెక్టరు మనుషులు, పడమర కొండదారి దిగేచోట ఉన్న గేటు దగ్గర వేరే ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. రెండు జట్లనీ కలిపేవి కొత్తగా ఇచ్చిన వాకీటాకీలే.

ఇన్‌స్పెక్టరుకి అవంటే మహా ముద్దు. కొండ అడ్డమొచ్చినా వీటి మాట ఆగదని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. నిజంగానే ఆగలేదు. ఆయన్ని విసిగించిందల్లా పడమటి జట్టు తరఫున మాట్లాడే ఆ మనిషే.

“పడమర వాళ్ళేమో ఇంకా ఏ బండీ రాలేదంటున్నారు” అని మొదలుపెట్టేది. అక్కడితో ఊరుకోక, ఎండ ముదిరింది టోపీ పెట్టుకోమనీ, వాగు దగ్గర కాలు జారుతుందనీ చెప్పుకుపోయేది. ఈయన చెప్పిన ప్రతి ముక్కనీ మళ్ళీ మొదట్నుంచీ తనవాళ్ళకి అప్పజెప్పేది. మాట అయిపోగానే ‘ఓవర్’ అనాలన్న సంగతి ఆవిడకి ఎవరూ నేర్పినట్టు లేదు. జట్టులో వాళ్ళు ఆవిడకి పెద్దమ్మ అని పేరు పెట్టేశారు.

పొదలో కూర్చోగా కూర్చోగా ఇన్‌స్పెక్టరుకి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఓపిక కూడా అయిపోయింది.

“అమ్మా, ఇది కబుర్లాడుకునే చోటు కాదు. ఇకనుంచి మీరు మాట్లాడొద్దు. మీ ఆఫీసరునే మాట్లాడమనండి. ఓవర్.”

కాసేపు గరగర.

“సరే బాబూ.”

గొంతు చిన్నబోయింది. ఇన్‌స్పెక్టరుకి కాస్త మనసు చివుక్కుమంది గానీ, చెవులకి మాత్రం హాయిగా ఉంది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. తెల్ల వ్యాను ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వలముసుగులు వేసుకున్న ఇద్దరు దిగి, చకచకా పెద్దాయన పెట్టెలన్నీ ఎక్కించేశారు. చెట్ల చాటున దాచిన జీపు దగ్గరికి వీళ్ళు పరుగెత్తేలోపే వ్యాను కొండదారి పట్టింది.

“పడమర, వ్యాను మీ వైపే వస్తోంది. గేటు వేసేయండి. ఓవర్.”

జవాబు లేదు.

మళ్ళీ పిలిచాడు. ముద్దుల వాకీటాకీని తట్టాడు, ఊపాడు, జీపు మీదికెక్కి ఎత్తి పట్టుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. పరుగున వచ్చిన పెద్దాయన కొండదారి వంకే చూస్తూ నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

అప్పుడు గరగరమంది.

“మాట్లాడొద్దన్నారు గానీ బాబూ, మనసాగక చెప్పేశాను. గేటు వేసేశారట. మీరు నెమ్మదిగా రండి, మలుపులో రాళ్ళున్నాయి.”

వీళ్ళు చేరేసరికి గేటు దగ్గర పెద్ద సంబరం. సడన్ బ్రేకుకి వ్యానులో పెట్టె ఒకటి ఒరిగి ఈగలు లేచాయట. అప్పటికే ముసుగులు తీసేసిన దొంగలు తమంతట తామే పడమటి వాళ్ళ జీపులోకి దూరి, గట్టిగా తలుపులు వేసుకుని కూర్చున్నారు. దిగమన్నా దిగడం లేదు.

పెట్టెలు సర్దించి, దొంగలు చెప్పిందంతా రాయించుకునేసరికి ఎండ వాలింది. బస్సు కోసం రేకు పెట్టెతో నిలబడ్డ ఒక ముసలావిడ, ఇన్‌స్పెక్టరు కందిన మొహం చూసి మంచినీళ్ళ సీసా చాపింది. తర్వాతమ్మా, కాస్త పక్కకి జరగండి అన్నాడాయన తలెత్తకుండానే. ఆవిడ సీసా వెనక్కి తీసుకుంది. నవ్వి, బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయింది.

పెద్దాయన తేనెసీసా తెచ్చి, గేటు వేయించిన తల్లికి ఇవ్వమన్నాడు. ఇన్‌స్పెక్టరు పడమటి ఆఫీసరమ్మ దగ్గరికి నడిచాడు.

“మీ పెద్దమ్మని పిలవండి. ముందు నేను క్షమాపణ చెప్పుకోవాలి.”

ఆఫీసరమ్మ తెల్లబోయింది.

“మా పెద్దమ్మేంటి సార్? ఆవిడ మీ మనిషి కదా. తూర్పు వాళ్ళు ఇలా అంటున్నారని మాకు చెప్పేది ఆవిడేగా. మీ గొంతు వినడం నాకిదే మొదలు.”

ఇన్‌స్పెక్టరు చేతిలోని వాకీటాకీ వంక చూశాడు. తర్వాత కొండ వంక చూశాడు. ఆయన మాట ఒక్కటీ తనంతట తాను ఆ కొండ దాటలేదు.

ఇందాకటి నుంచీ కొండ కాలిబాట మొదట్లో తాళంచెవులు ఊపుకుంటూ నిలబడ్డ అటవీ గార్డుని పిలిచి, పైన ఎవరుంటారని అడిగారు.

“మంటలు కనిపెట్టే టవరు కదా సార్, కాపలాకి ఒకావిడ ఉండేది. అక్కడున్న వైర్‌లెస్ సెట్టుకి రెండు వైపులా వినబడుతుంది” అన్నాడు గార్డు. “నిన్ననే రిటైరైంది. నేను దిగిపోతే ఈ పిల్లలకి ఒకళ్ళ మాట ఒకళ్ళకి అందదని, దొంగలు దొరికేదాకా కదలనంది.”

ఇన్‌స్పెక్టరు తేనెసీసా పట్టుకుని, ఆవిణ్ణి ఇప్పుడెక్కడ చూడొచ్చని అడిగాడు.

“మీరు చూశారుగా సార్, ఇందాక మీకు మంచినీళ్ళివ్వబోయింది ఆవిడే.”