ఒకటే తేడా

"ఆ కళ్ళు చూశారా? పండు మిరపకాయలే!" అన్నాడు మేనేజరు, అద్దాల గదిలోంచి వేలు చూపిస్తూ.

బయట కొత్త ప్రూఫ్‌రీడరు పాఠ్యపుస్తకం పేజీల మీద వంగి, పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కుంటున్నాడు. జుట్టు భుజాలు దాటింది. చెవికి పోగు కూడానూ! ఇంకేం సాక్ష్యం కావాలి?

"ప్రూఫులు అలాగే చదువుతారండీ. రోజుకి వంద పేజీలు చూస్తే ఎవరి కళ్ళయినా ఎర్రబడతాయి," అంది హెడ్‌క్లర్కు, బిస్కెట్ల డబ్బా మూత తీస్తూ.

"మీరు మరీ అమాయకులమ్మా! గంజాయి బ్యాచ్‌ని నేను వాసన చూసి పట్టేస్తాను," అంటూ మేనేజరు ఒక బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు.

నాలుగయింది. ప్రెస్సు ఆఫీసంతా డబ్బా చుట్టూ మూగింది. ఆ బిస్కెట్లు హెడ్‌క్లర్కు మరిది తన పెరట్లో పెంచిన ఏదో ఆకు వేసి చేసి పంపుతాడట. మోకాళ్ళ నొప్పులకి భలే మంచివట. మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నవాళ్ళు కూడా రోజూ రెండేసి లాగించేవారు.

"నాకు తీపి పడదండీ," అని ప్రూఫ్‌రీడరు తలెత్తనైనా లేదు. కాసేపటికి పేజీలు పట్టుకుని వచ్చాడు. "సార్, రోజూ నాలుగు దాటాక కూర్చిన పేజీల్లోనే తప్పులు ఎక్కువ వస్తున్నాయి."

ఆ మాటకి అందరూ పడీపడీ నవ్వారు. ఆ వేళప్పుడు అక్కడ ఏ మాటకైనా అలాగే నవ్వేవారు. అంత కలుపుగోలు మనుషులు!

మేనేజరుకి మాత్రం ఒళ్ళు మండింది. మర్నాడే ల్యాబు మనిషిని పిలిపించాడు.

"ఒక్కడినే వేలెత్తి చూపితే బావుండదు. పన్నెండు మందికీ మూత్ర పరీక్ష! ముందు నాదే!" అని సీసా అందుకున్నాడు.

"సార్, నెలాఖరుకి నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. మా ఆవిడకి ఏడో నెల. నన్ను అనవసరంగా అల్లరి చెయ్యకండి," అన్నాడు ప్రూఫ్‌రీడరు.

"తప్పు చెయ్యనివాడికి భయమెందుకయ్యా?"

రెండు రోజుల తర్వాత, నాలుగున్నరకి ఫోను వచ్చింది.

"సార్, పన్నెండింట్లో ఒక్కటే తేడాగా వచ్చిందండీ. మీ ప్రూఫ్‌రీడరుగారిది. కానీ..."

"చాలు బాబూ, చాలు!" మేనేజరు ఫోను పెట్టేశాడు. నవ్వాపుకోలేక, కళ్ళు తుడుచుకుంటూ ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం తనే టైపు చేశాడు. తర్వాత విపరీతంగా ఆకలేసి డబ్బాలో మిగిలినవన్నీ ఊడ్చేశాడు.

పొద్దున్నే ఆ ఉత్తరాన్నీ, ల్యాబునుంచి వచ్చిన కవరునీ ప్రూఫ్‌రీడరు ముందు పడేశాడు. ఆఫీసంతా చోద్యం చూస్తోంది.

అతను ఉత్తరం చదివాడు. ఉద్యోగం ఊడింది. అయినా అలవాటు ఊరుకోనిస్తుందా? ఎర్ర పెన్ను తీశాడు.

"'గంజయి' అని పడింది సార్. జకి దీర్ఘం పెట్టాలి."

"నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందిలే!"

అందరూ నవ్వారు. పొద్దుటిపూట కదా, కొంచెం తక్కువగా నవ్వారు.

"కవరు విప్పలేదేం సార్? రిపోర్టు చదవలేదా?"

"చదవడానికేముంది? నువ్వే చదువుకో, నీ పని అదే కదా!"

అతను కవరు చింపాడు. అలవాటు ప్రకారం పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం పట్టి పట్టి, పైకే చదివాడు.

"నెగెటివు ఒకటి, పాజిటివు పదకొండు."