తప్పు నాదేనండీ

“తప్పు నాదేనండీ. నేనే చూసుకోలేదు,” అన్నాడు కొడుకు.

లాయరమ్మ చేతిలోని పెన్ను బల్లమీద పడేసింది. రోడ్డు మీద దెబ్బలు తిన్న సైకిలువాళ్ళ కేసులే ఆవిడ దగ్గరికి ఎక్కువగా వస్తాయి. కాగితాలు ఎగిరిపోకుండా వాటిమీద పాత సైకిలు గంట ఒకటి పెట్టుకుంటుంది. విసుగొస్తే దాన్నోసారి మోగిస్తుంది. ఇప్పుడు రెండుసార్లు మోగించింది.

“చూడు బాబూ. గుద్దినవాళ్ళు తప్పు మాది కాదనడం లోకంలో మామూలే. మోకాలు పగిలినవాడివి నువ్వెందుకు నెత్తిన వేసుకుంటున్నావు?”

కొడుకు తన మోకాలివైపు చూసుకున్నాడు. ఇనుప చువ్వలు బిగించిన కాలు ఎదుటి కుర్చీమీద చాపి ఉంది. లిఫ్టు లేని ఆ మేడ మెట్లన్నీ తండ్రే వీపున మోసుకుని ఎక్కించాడు. ఆయనింకా రొప్పుతూనే ఉన్నాడు. పక్కన తల్లి, కొడుకు చేతికర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తండ్రిది పాత సోఫాలు, కుర్చీలు బాగుచేసే పని. ఆ ఉదయం ఎవరింట్లోనో సోఫాకి కొత్త గుడ్డ వేయడానికి బయల్దేరి, కళ్ళజోడు వంటింటి గట్టుమీద మర్చిపోయాడు. అది లేకపోతే ఆయన సూదిలోకి దారం ఎక్కించలేడు. కొడుకు దాన్ని చొక్కా జేబులో వేసుకుని సైకిలెక్కాడు. వంతెన దాటాక, ముందు పోతున్న వ్యాను ఒకటి, ఏదో గుర్తొచ్చినట్టు, లైటైనా వేయకుండా నడిరోడ్డు మీద గిరుక్కున వెనక్కి తిరిగింది.

కళ్ళజోడులో ఒక అద్దం పగిలింది. మోకాలు నుజ్జయింది. ఆ అద్దం మార్పించుకోమని భార్య ఎంత పోరినా తండ్రి వినడు. తను కళ్ళజోడు మర్చిపోకపోతే పిల్లాడు ఆ రోడ్డెక్కేవాడే కాదని ఆయన బాధ. పగిలిన అద్దంలోంచే లోకాన్ని చూస్తున్నాడు.

“కళ్ళు పోయాయా వాడికి?” అని ఉన్నట్టుండి అరిచాడు తండ్రి. “బండి తిప్పేవాడు వెనకెవరున్నారో చూసుకోవద్దూ? వాడి చేతులు పడిపోను!”

“ఊరుకోండి,” అంది తల్లి కళ్ళొత్తుకుంటూ. “అలాంటి శాపాలు ఊరికే పోవు.”

“తగలనీ.”

లాయరమ్మ ఈసారి గొంతు తగ్గించింది.

“ఇంకో ఆపరేషన్ కాకపోతే ఆ మోకాలు వంగదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. నిచ్చెన ఎక్కకుండా ఏం పని చేస్తావు? ఆ ఖర్చు డ్రైవరు జేబులోంచి రాదు, బీమా కంపెనీ ఇస్తుంది. కానీ తప్పు డ్రైవరుదని నీ నోటితో రావాలి. నేనే అడ్డమొచ్చానన్నావో, కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది.”

“ఆయన లైసెన్సు పోతుంది కదండీ.”

“పోవచ్చు. కోర్టులో నువ్వు సైకిలు తొక్కినవాడివి. ఆయన వ్యాను నడిపినాయన. అంతే. మిగతావన్నీ గుమ్మం బయట వదిలేసి రా.”

వదిలేసి రావడం చెప్పినంత తేలికా?

వాయిదా ముందురోజు సాయంత్రం తండ్రి పని నుంచి వచ్చాడు. ఈమధ్య ఎంత దూరమైనా నడిచే వెళ్తున్నాడు, సుత్తీ మేకులూ ఉన్న సంచీ భుజాన వేసుకుని. చెప్పులు విప్పీ విప్పకుండానే కొడుకు పాదం ఒళ్ళోకి తీసుకుని, డాక్టరు చూపించినట్టు వేళ్ళు మెల్లగా వంచసాగాడు.

“ఆయన కావాలని చేశాడా నాన్నా?”

“చేయకపోతే మాత్రం? విరిగింది అతుక్కుంటుందా?”

“ఆయనకి నిద్ర పడుతోందనుకుంటున్నావా?”

“పట్టకూడదు,” అన్నాడు తండ్రి. “జన్మలో పట్టకూడదు.”

తండ్రి కొడుకు చేతిని లాగి తన తలమీద పెట్టుకున్నాడు.

“నిజం చెప్తానని నా మీద ఒట్టెయ్యి. నువ్వు అబద్ధమాడి, జీవితాంతం కుంటుకుంటూ తిరుగుతుంటే చూస్తూ బతకలేనురా. నాకా శిక్ష వెయ్యకు.”

కొడుకు చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. తండ్రి వదల్లేదు.

కోర్టు గది ఇరుకుగా ఉంది. బీమా కంపెనీ లాయరు పెద్దమనిషిలా నవ్వాడు. మాటలో తేనె కారుతోంది.

“బాబూ, నువ్వు మంచివాడివని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే తప్పు నాదే అన్నావట. నిజానికి వ్యానుకి నువ్వే అడ్డమొచ్చావు, అవునా?”

అవునంటే డ్రైవరు బయటపడతాడు. కాదంటే మోకాలు దక్కుతుంది. బెంచీ మీద తల్లి పక్కనే కూర్చున్న తండ్రి వైపు చూశాడు. తండ్రి తన తలమీద తనే చెయ్యి పెట్టుకున్నాడు.

“కాదండీ,” అన్నాడు కొడుకు. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి. “లైటు వేయలేదు. వెనక్కి చూడలేదు. తప్పు డ్రైవరుదే.”

తల్లి చేత్తో నోరు మూసుకుంది. తండ్రి మాత్రం చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“మొదటి ప్రతివాది, వ్యాను డ్రైవరు!” అని గుమస్తా కేకేయగానే, ఆయన పగిలిన కళ్ళజోడు సర్దుకుని, “నేనేనండీ” అంటూ బెంచీ మీంచి లేచాడు.