అద్దం మీద టేపు ముక్కలు

“ఈ టేపు ఎవరు అంటించారు బాబాయ్?”

ఇడలీనా అడిగింది డ్రైవరు ఓస్వాల్డోని. అతను తన పాల ట్యాంకరు మెట్టు మీద నిలబడి, చేతిలోని రొట్టె చివరి ముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు. బండి ముందు అద్దానికి లోపలి వైపున వేలెడంత ఎర్ర టేపు ముక్క ఉంది. వెనక ట్యాంకరుకు పసుపుది. దాని వెనక దానికి నీలం.

“మా పిల్లలు అంటించి ఉంటారమ్మా.”

“నీ పిల్లలకు నలభై దాటాయి.”

“అయితే మనవలు.”

అంటూనే అతను ఆమె భుజం మీదుగా ఎటో చూశాడు. ఇడలీనా చటుక్కున వెనక్కి తిరిగింది. పాల కర్మాగారం గేటు దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డ డెల్మార్ హచిన్స్, రోడ్డు మేస్త్రీ, అంతే చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

ఇడలీనా ఒళ్లు మండిపోయింది.

కర్మాగారం ముందు రోడ్డు కింద ఆమె పక్కపక్కనే ఇరవై నాలుగు పెట్టెలు పాతించింది. వాటి నిండా, నొక్కితే కరెంటు పుట్టించే స్ఫటికాలు. బండి బరువంతా ఒకే పెట్టె మీద పడితే అది చితికిపోతుంది, మిగతావి గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. అందుకే బరువు అన్నిటికీ సమానంగా పంచేలా పెట్టెల మీద ఒక మందపాటి రేకు పరిచింది. ఆ రేకు ఆమె సొంత ఆలోచన, మూడేళ్ల కష్టం. గురువారం రోడ్డు పరీక్షించే కమిటీ వస్తుంది. పెట్టెలన్నీ సమానంగా పనిచేస్తే శాన్ హొకిన్ లోయలో ఇంకో నలభై మైళ్లు ఇలాగే వేస్తారు. లేదంటే ఇదంతా తవ్విపారేసి తారు పోస్తారు.

ఇడలీనా తన తల్లి మోకాలి ఆపరేషనుకని మార్చిలో రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చినప్పటి నుంచీ షెడ్డులోని తెర మీద పెట్టెల కరెంటు చూపే గీత అన్నిటికీ ఒకే ఎత్తులో, బల్ల చెక్కలా చదునుగా ఉంది. మొన్న శనివారం ఒక్కరోజే పాడైంది. ఆ రోజు గీత ఏడో పెట్టె దగ్గర ఆకాశానికి ఎగిరింది, మిగతావి నిద్రపోయాయి. శనివారం ఫెస్టా, చర్చి జాతర. అజోరుల దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాలన్నీ, ఇడలీనాతోనూ ఈ డ్రైవర్లతోనూ సహా, ఊరేగింపులో ఉన్నాయి. ఎవరో బదిలీ డ్రైవర్లు బండ్లు నడిపారు. రోడ్డు దగ్గర మన వాళ్లెవరూ లేరు, డెల్మార్ తప్ప.

అతనికి ఈ పని మొదటి నుంచీ గిట్టదు. ముప్పై ఒక్కేళ్లుగా తారు పోసిన మనిషి. “రోడ్డున్నది నడవడానికి, దీపాలు వెలిగించుకోవడానికా ఇంజనీరుగారూ?” అని మొదటిరోజే వెక్కిరించాడు.

ఆమె నేరుగా అతని దగ్గరికి నడిచింది.

“రోడ్డు కింది గుంట మూత తాళం ఇవ్వండి. రేకు చూడాలి.”

“లోపలంతా నీళ్లు. గురువారం కానివ్వండి.”

“రెండు నెలల నుంచీ ఇదే పాట.”

“రెండు నెలల నుంచీ అవే నీళ్లు.”

“ఏప్రిల్ నుంచి ఈ లోయలో చినుకు పడితే ఒట్టు!”

“కాలువ ఊట,” అన్నాడు డెల్మార్, కప్పులోకి చూస్తూ.

అబద్ధం మొహం మీదే కనిపిస్తోంది. ఇడలీనా ఆ సాయంత్రమే ఆఫీసుకు ఫోన్ చేసింది. డ్రైవర్లతో గుసగుసలు, అద్దాల మీద గుర్తులు, ఇవ్వని తాళం, శనివారం సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

గురువారం పొద్దున డెల్మార్‌ను ఆ పని నుంచి తప్పించారు. అతను షెడ్డులోకి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. కోపం లేదు, వాదన లేదు. అది చూస్తే ఆమెకు మరింత అనుమానం వేసింది.

“గుంట మూత కమిటీ వాళ్లు వెళ్లాక తెరవండి,” అన్నాడు. “ఆ టేపులు మాత్రం ఇవాళ ముట్టుకోకండి.”

“ఇంకా నాకు సలహాలా!”

అతని పికప్పు మలుపు తిరగ్గానే ఇడలీనా ట్యాంకర్ల దగ్గరికి పరుగెత్తింది. ఆరు బండ్లెక్కి ఆరు టేపులూ గోటితో గీకి పీకేసింది. ఓస్వాల్డో ఏదో చెప్పబోయాడు.

“నువ్వూ ఆయన జట్టేనా బాబాయ్?” అంది. అతను తన బండెక్కాడు.

ఆమె గుంట మూత తెరిచేలోపే, పది గంటలకు కమిటీ వచ్చింది. నలుగురూ తెర ముందు కూర్చున్నారు. మొదటి ట్యాంకరు వెళ్లింది. ఏడో పెట్టె ఎగిరింది. రెండోది వెళ్లింది. మళ్లీ ఏడోదే. మూడోదానికీ అంతే.

“మిగతావి పనిచేయవా?” అని అడిగింది కమిటీ పెద్ద నైలండ్, కళ్లజోడు సవరించుకుంటూ.

ఇడలీనా “ఒక్క నిమిషం” అని బయటికి పరుగెత్తి ఓస్వాల్డో బండికి అడ్డం నిలబడింది.

“అందరూ ఒకే చోట తొక్కుతారేం బాబాయ్? డెల్మార్ చెప్పాడా?”

“ఎవరో చెప్పాలా? ముప్పై ఏళ్ల అలవాటు, చక్రం ఆ గాడిలోకే పోతుంది. టేపుని రోడ్డు మీది తెల్లగీతకి కలిపి చూసుకుంటేనే పక్కకి వచ్చేది. ఎర్రదానికి ఎడమకి జానెడు, పసుపుదానికి ఇంకో జానెడు. అలా ఆరు బండ్లూ కలిసి అన్ని పెట్టెలూ తొక్కాలని డెల్మార్ రోజూ పొద్దున్నే వచ్చి సరిచూసేవాడు. శనివారం వచ్చినవాళ్లకి పాపం అది తెలీదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకు అసలే చెప్పొద్దన్నాడు. తెలిస్తే కమిటీ ముందు నువ్వు దాచలేవట.”

“ఈ తిప్పలన్నీ దేనికి? బరువు పంచడానికి నా రేకు ఉందిగా!”

ఓస్వాల్డో ఇంజను ఆపి కిందికి దిగాడు.

“ఆ రేకు మార్చిలోనే, నువ్వు ఆసుపత్రిలో ఉండగానే విరిగిపోయిందమ్మా.”