పెళ్లి ఫొటోలో ఒక్క ముఖం

"మా కొడుకు ఏసోబు మొకం ఒక్కటే మసక చెయ్యి బిడ్డా. తక్కినోళ్లంత సాఫ్ ఉండాలె," అంది జానమ్మ.

నార్కట్‌పల్లిలో మొదట కంప్యూటర్ పెట్టిన స్టూడియో ఖుద్దూస్‌ది. జానమ్మ కూతురి పెళ్లి ఫొటో ఇప్పుడు దాని తెర మీద ఉంది.

"ఫొటోనే దాచిపెట్టరాదు పెద్దమ్మా?"

"గోడ మీద జాగా ఖాళీగుంటె, సోదాకొచ్చిన పోలీసులు ఏదని అడుగరా? వాడు అడివికి వోయి అన్నలల్ల కలిసి రెండేండ్లాయె. మొకం తెలిస్తె బతకనియ్యరు. సున్నం గొట్టినట్టు గాకుండ జర మంచిగ చెయ్యి."

ఖుద్దూస్ నవ్వాడు. ఏసోబు ముఖాన్ని తెర నిండా పెద్దది చేసి, గడ్డం నుంచి పైకి మసక అద్దుకుంటూ వచ్చాడు. నోరు, ముక్కు, కళ్లు కరిగిపోయాయి. ఎడమ కనుబొమ్మ మీది గాటు దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

గుర్తు తెలియని శవాలకు ఠాణావాళ్లు ఫొటోలు తీయించేది అతనితోనే.

"ఇగ వాణ్ని ఎవ్వలు గుర్తువట్టరు గద?"

ఖుద్దూస్ మసకంతా తీసేశాడు.

"గట్లెందుకు చేసినవ్?"

"పొద్దుగాల దవాఖానల ఒక పిలగాని ఫొటో తీసిన పెద్దమ్మా. గిదే గాటు. రేపటిదాంక ఎవ్వలు గుర్తువట్టకపోతె, దిక్కులేనోడని పూడ్చిపెడ్తరు."

జానమ్మ తెర మీది గాటును వేలితో తడిమింది.

"చిన్నప్పుడు మంచం కోడు తగిలింది," అంది. కొంగు నడుముకు చుట్టి లేచింది.

"వాని మొకం ఒక్కటే పెద్దగ తీసియ్యి బిడ్డా. మంచిగ కనవడాలె. ఠాణకు తీస్కపోయి చూపిస్త."